సవరణ: మా పెట్టలు అరౌకానాలు కావు

చీపురుపల్లి దగ్గర మా దొడ్లో నీలి గుడ్లు పెడుతున్నవి అరౌకానా పెట్టలని పోయిన వారం రాశాను. అది తప్పు. నా మాట నమ్మి కోడిపిల్లల కోసం అడ్వాన్స్ ఇచ్చిన ఇద్దరికీ డబ్బులు తిరిగి ఇచ్చేశాను. క్షమించండి.

అరౌకానా మూలం చిలీ దేశం. అమెరికా ప్రమాణం ప్రకారం దానికి తోకే ఉండదు, చెవుల దగ్గర ఈకల కుచ్చులు పొడుచుకొస్తాయి. బ్రిటన్‌లో మాత్రం తోక ఉన్నవీ అరౌకానాలే. నీలి గుడ్లు పెట్టే ఇంకో జాతి అమెరౌకానాకి తోక, గెడ్డం, బుగ్గల మీద గుబురు ఈకలు, పలక రంగు కాళ్లు ఉంటాయి. నెత్తిన ఈకల సిగ ఉంటే అలాంటిదే మరో జాతి, క్రీమ్ లెగ్‌బార్ కావచ్చు.

నిన్న పొద్దున్న ఒక పెట్టని ఒళ్లో పెట్టుకుని నిదానంగా చూశాను. నిండు తోక, గెడ్డం ఉన్నాయి గానీ కాళ్లు పాచి రంగు. దాని జతది పెట్టిన గుడ్డు ఆకుపచ్చ. పగలగొడితే పెంకు లోపలివైపు లేత నీలం! నీలం పెంకు మందమంతా ఉంటుంది, గోధుమ రంగు పైపూతే. ఆ రెండూ కలిస్తేనే ఆకుపచ్చ. అంటే మావి ఈస్టర్ ఎగ్గర్లు, జాతి కాదు, సంకరం. వీటి పిల్లలన్నీ నీలి గుడ్లే పెడతాయని నేను మాటివ్వలేను. తెలిసి తీసుకుంటానంటే సరే, అరౌకానా ధర మాత్రం ఇవ్వకండి.