అల్పులలో అగ్రగణ్యులు

శ్రీకాకుళం జిల్లాలో క్రైస్తవ వినయం ఏ ఎత్తుకు ఎదిగిందో తెలుసుకోగోరేవారు, ఉజ్జీవ సభల రోజుల్లో ఏడు రోడ్ల కూడలిలో నిలబడి తలెత్తి చూస్తే చాలు. తెల్ల సూటు తొడుక్కొని చేతులు జోడించిన నిలువెత్తు బొమ్మ కింద "ప్రభువు పాదధూళి" అని బారెడు అక్షరాలు కనిపిస్తాయి. ఆ ధూళి పేరుకు ముందు రెవరెండు, డాక్టరు అనే బిరుదులుంటాయి; ఒకరి అల్పత్వాన్ని ధ్రువీకరించడానికి ఏదో ఒక విశ్వవిద్యాలయం ఉండాలి గదా.

దీన్ని ఆడంబరమనే విమర్శకులతో నేను ఏకీభవించను. దీపాన్ని వెలిగించి కుంచం కింద పెట్టరని సువార్తే చెబుతుండగా, వినయాన్ని మాత్రం దాచిపెట్టమనడం ఏమి న్యాయం? కుడిచెయ్యి చేసేది ఎడమచేతికి తెలియకూడదని ప్రభువు కొండమీద చేసిన ఆ ప్రసంగంలోనే ఉన్నమాట నిజమే గాని, అది ధర్మం చేసేటప్పటి సంగతి. ఫ్లెక్సీ కట్టడానికి రెండు చేతులూ కావాలి.

విందుకు పిలిస్తే కడపటి చోట కూర్చోమని లూకా సువార్త 14వ అధ్యాయంలో ప్రభువు చెప్పిన మాటనైతే మన పెద్దలు అక్షరాలా పాటిస్తారు. ప్రార్థన మొదలయ్యాక వచ్చి, చెప్పులు విడిచే గుమ్మం పక్కనున్న ప్లాస్టిక్ కుర్చీలో ఒదిగి కూర్చొని, మైకు పట్టుకున్నవాడి చూపు తగిలేదాకా అప్పుడప్పుడు దగ్గుతారు. వేదికను అలంకరించవలసిందిగా పిలుపు రాగానే "వద్దండీ, నాకిక్కడే బాగుంది" అని రెండుసార్లు తల అడ్డంగా ఊపి, మూడోసారికి లేచి, తువ్వాలు పరిచిన సోఫా దాకా నడుస్తారు. అసలు పిలుపే రాకపోతే ఏం చెయ్యాలో ఆ ఉపమానంలో లేదు. అటువంటప్పుడు వచ్చే ఆదివారానికల్లా పక్క వీధిలో కొత్త సంఘం ప్రారంభించడం మనవాళ్లు కనిపెట్టిన పరిష్కారం.

6వ శతాబ్దంలో బెనెడిక్టు అనే మఠాధిపతి వినయానికి 12 మెట్లు కట్టాడు. అందరికంటే తక్కువవాణ్ణని నాలుకతో అనడమే కాక మనసారా నమ్మడం వాటిలో ఏడోది. నాలుక మట్టుకు మనం ఎప్పుడో ఎక్కేశాం. 12వ శతాబ్దంలో బెర్నార్డు అనే మరో సన్యాసి గర్వానికీ 12 మెట్లున్నాయని లెక్కతేల్చి, జనం మెచ్చుకోవాలని తన పాపాలను తానే చాటుకునే కపటపు ఒప్పుకోలును తొమ్మిదో మెట్టుగా పెట్టాడు. ఆయన ఉత్తరాంధ్రకు వచ్చిన దాఖలాలు లేవు. అయినా విజయనగరం దగ్గర ఒక సంఘ వార్షికోత్సవంలో, కార్యదర్శిగారు మైకు ముందు గొంతు పూడుకుపోగా "నేను ఎందుకూ పనికిరానివాణ్ణి, పాపులలో ప్రధానుణ్ణి" అన్నప్పుడు, ముందు చాప మీద కూర్చున్న ఒక ముసలమ్మ ఎంతో జాలిగా "అవును బాబూ, నిజమే" అనేసింది. కార్యదర్శిగారి కన్నీళ్లు ఆ క్షణమే ఇంకిపోయాయి. ఆ ముసలమ్మను ముందు వరసలో ఎవరు కూర్చోబెట్టారో తేల్చడానికి ఆ వారమే కమిటీ కూడింది.

ఇక సమర్పణ. యోహాను సువార్త 13వ అధ్యాయంలో ప్రభువు నడుముకు తువ్వాలు కట్టుకొని శిష్యుల పాదాలు కడిగినప్పుడు, ఆయనను పట్టించబోయే శిష్యుడు, డబ్బు సంచి మోసే యూదా ఇంకా అక్కడే ఉన్నాడు. ఆయన సంచి లెక్క అడగకుండానే ఆ పాదాలూ కడిగాడు. మన కోశాధికారులకు ఈ అధ్యాయమంటే ప్రాణం. సమస్తమూ నీకే అర్పిస్తున్నామని పాడుతూ సంఘమంతా చేతులెత్తే వేళ, అందరికంటే ఎత్తుగా లేచేవి వారి చేతులే; ఆ ఊపుకు మొలతాడున ఉన్న కానుకల బీరువా తాళాలగుత్తి గలగలమంటుంది. అర్పించినవాటిలో ఆ గుత్తి కూడా ఉందా అని పోయిన సమావేశంలో ఒక కుర్రవాడు లేచి అడిగాడు. ఈ కాలపు యువతలో వినయం బొత్తిగా కొరవడిందని పెద్దలు ఏకగ్రీవంగా తీర్మానించి, చివరి ప్రార్థన ఆ కుర్రవాడి చేతనే చేయించారు.