ఇంటర్వెల్ బ్యాంగ్ గారికి ఒక లేఖ

అయ్యా,

హన్మకొండ చౌరస్తా నుంచి నమస్కారాలు. సినిమా సగంలో, విశ్రాంతికి ముందు జనాన్ని అదరగొట్టే మలుపు మీరు. మీరు తొక్కుకుంటూ పోయిన కథల్లో ఒకటి నాది.

కథ చిన్నదే. ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి బస్తాలు మోసే ఒక హమాలీ. ముప్పై ఏళ్లు ఆ ఘాటులో ఉండి ఉండి వాసన తెలియకుండా పోయింది. ఆ సంగతి భార్యకు చెప్పడు. రోజూ రాత్రి కూరగిన్నె ముందు కూర్చొని, మూత తీయకముందే "మస్తు వాసనొస్తున్నదే" అంటాడు. ఒకనాడు ఆమె ఖాళీ గిన్నెకు మూత పెట్టి అతని ముందు ఉంచుతుంది.

ఈ సీను రాసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కాజీపేటలో రైలెక్కి పోయి ఒక నిర్మాతకు చెప్పాను. ఆయన కళ్లు మూసుకొని విన్నారు. (లీనమైపోయారనుకున్నాను.)

"బాగుంది తమ్ముడూ. ఇంటర్వెల్‌కి ఏముంది?"

"ఖాళీ గిన్నె సార్."

"గిన్నె పేలుతుందా?"

పేలదన్నాను. రైలు చార్జీ దండగ.

రెండో ఆఫీసులో మీ కోసం హమాలీని మారువేషంలో ఉన్న పోలీసును చేశాను. మూడో ఆఫీసులో అతనికి కవల తమ్ముడు పుట్టాడు. వాడు శత్రువును వాసనతోనే పసిగడతాడు! నాలుగోచోట ఖిలా వరంగల్ తోరణాల ముందు సుమోలు లేపుదామన్నారు. 1323లో ఢిల్లీ సేనలు వచ్చిపోయినా నిలబడ్డ తోరణాలవి. మీ ముందు నిలబడతాయన్న నమ్మకం నాకు లేదు.

తప్పంతా మీదే అనను. మన మొదటి టాకీ 1932లో వచ్చింది. అది ప్రహ్లాదుడి కథ. మా పక్కనున్న బమ్మెర పోతన దాన్ని ఎప్పుడో తెలుగు చేశాడు, ఆయనా సంస్కృతం నుంచే తెచ్చుకున్నాడు. స్తంభం పగులుతుందని అందరికీ తెలుసు, అయినా టికెట్ కొన్నారు. ఆ స్తంభం మీ తాతగారే కదా! కానీ అది పగిలేలోపు తండ్రీకొడుకులు ఎంతసేపు మాట్లాడుకున్నారో చూడండి. మీకు అంత ఓపికేది?

ఇంకో టెన్షన్ కూడా ఉండేది. కాపీరైట్ రాసిన తీరుకే, ఆలోచనకు లేదు. 1978లో సుప్రీంకోర్టూ ఇదే తేల్చింది. నా గిన్నెను ఎవరైనా ఎత్తుకుపోతారని ఎన్నాళ్లో భయపడ్డాను. ఇప్పటిదాకా ఎవరూ ఎత్తుకుపోలేదు. ఆ అవమానం వేరే.

మొన్న అసలు కథను మా అమ్మకు చెప్పాను. చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ విన్నది. ఖాళీ గిన్నె దగ్గర ఆమె చెయ్యి ఆగింది.

"మరి ఆ రాత్రి వాళ్లిద్దరు ఏం తిన్నరు బిడ్డా?"

ఇన్ని ఆఫీసులు తిరిగాను, ఆ మాట ఒక్కరూ అడగలేదు. నేనూ ఆలోచించలేదు. మీరు కాస్త పక్కకు జరిగితే కూర్చొని ఆలోచిస్తాను.

ఇట్లు,
గిన్నె పేల్చలేని రచయిత