సవరణ: వెనక బ్రేక్ ప్యాడ్లు మార్చేటప్పుడు పిస్టన్ సంగతి

బైక్ వెనక డిస్క్ ప్యాడ్లు ఇంట్లోనే మార్చుకోవడం గురించి రాసిన పోస్టులో "పిస్టన్‌ని లోపలికి నెట్టి కొత్త ప్యాడ్లు పెట్టండి" అని ఒక్క ముక్కలో చెప్పాను. బ్రేక్ విషయంలో అంత పొట్టిగా చెబితే చాలదు, అందుకే ఈ వివరం.

ప్యాడ్లని డిస్క్‌కి నొక్కే భాగం కాలిపర్, అందులో ప్యాడ్‌ని తోసేది పిస్టన్. పిస్టన్ లోపలికి వెళ్లేకొద్దీ కాలిపర్‌లోని బ్రేక్ ఆయిల్ తిరిగి ఆయిల్ డబ్బాలోకి ఎక్కుతుంది. పాత ప్యాడ్లు అరిగాక ఎవరైనా ఆయిల్ నింపి ఉంటే అది పొంగి పొర్లుతుంది. డాట్ 3, డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ పెయింట్‌ని తినేస్తుంది. ముందే డబ్బా మూత తీసి, చుట్టూ గుడ్డ పెట్టి, పిస్టన్‌ని మెల్లగా, వంకర పోకుండా నెట్టండి. చుక్క పడితే వెంటనే నీళ్లతో కడిగేయండి.

కొత్తపట్నం, మైపాడు లాంటి సముద్రపు ఊళ్ల వాళ్లకి ఇంకో మాట. ఉప్పుగాలికి కాలిపర్ పిన్నులు తుప్పు పడతాయి, పిస్టన్ చుట్టూ ఇసుక పేరుకుంటుంది. దాన్ని తుడవకుండా నెడితే రబ్బరు సీలు దెబ్బతిని ఆయిల్ కారుతుంది. కాలిపర్ అటూ ఇటూ జరిగే పిన్నులకు సిలికాన్ గ్రీజు పలచగా రాయండి. ప్యాడ్ ముఖానికి, డిస్క్‌కి మాత్రం అంటనివ్వొద్దు.

అన్నిటికన్నా ముఖ్యం, బిగించాక బండి కదిపే ముందే పెడల్ గట్టిపడేదాకా తొక్కుతూ ఉండాలి. మొదటిసారి తొక్కితే అది ఊరికే కిందకి దిగిపోతుంది. అలాగే హైవే ఎక్కితే వెనక బ్రేక్ లేనట్టే. ఎంత తొక్కినా మెత్తగానే ఉంటే లైనులో గాలి చేరి ఉండొచ్చు, మెకానిక్‌కి చూపించి బ్లీడింగ్ (ఆ గాలిని బయటకి తీయడం) చేయించాకే బండి తీయండి.