35 మిల్లీమీటర్ల మడ్‌గార్డు

స్కేల్ మోడళ్లు, అంటే అసలు బండ్ల కొలతలు తగ్గించి చేసే బొమ్మలు, కట్టేవాళ్లలో ఈ మధ్య కొత్త వేదాంతం ఒకటి మొదలైంది. అన్నీ రెడీమేడ్‌గా దొరుకుతుంటే ఇంకా ప్లాస్టిక్ షీట్లు కోసుకుంటూ కూర్చోవడం దేనికట? ఇత్తడి ఎచింగ్ సెట్టు (పలుచటి ఇత్తడి పలకని రసాయనంతో కోసి తీసిన ముక్కలు) కొను, రెజిన్ టరెట్ (ట్యాంకు మీద తిరిగే ఫిరంగి గది) కొను, త్రీడీ ప్రింట్ బోల్టులు కొను, అతికించు, ఫోటో పెట్టు, లైకులు లెక్కపెట్టుకో. మా బావమరిది ఇంకో మెట్టు ఎక్కాడు. "కట్టినవే అమ్ముతున్నారు కదా బావా, అదే తెచ్చుకోరాదూ?" అన్నాడు. వాడిని వదిలేయండి, వాడికి ట్యాంకుకీ జేసీబీకీ తేడా తెలియదు. నా గొడవంతా తెలిసినవాళ్లతోనే.

ముందు మందం సంగతి చూద్దాం. సోవియట్ టి-55 ట్యాంకు వెడల్పు 3.27 మీటర్లు. 1/35 స్కేల్లో, అంటే ముప్పై ఐదో వంతుకి తగ్గిస్తే, 93 మిల్లీమీటర్ల చిల్లర. పొడవు వెడల్పుల్లో ఇప్పటి కంపెనీలు పెద్దగా తప్పులు చేయవు. దొరికిపోయేది మందం దగ్గరే. కరిగిన ప్లాస్టిక్ అచ్చులో మూలమూలకీ పారాలంటే కొంచెం సందు ఉండాలి కాబట్టి మడ్‌గార్డుని ఒక మిల్లీమీటరు మందాన పోసేస్తారు. ఒక మిల్లీమీటరు అంటే అసలు బండి మీద 35 మిల్లీమీటర్లు. ఆ ట్యాంకు అడుగు పలక మందమే 20. అంటే మందుపాతర మీదికి వెళ్లాల్సిన అడుగు కంటే బురద ఆపే రేకు దిట్టంగా ఉందన్నమాట! ఎంత రంగు వేసినా, ఎంత తుప్పు పూసినా, ఆ అంచు చూడగానే ఇది బొమ్మ అని తెలిసిపోతుంది.

దీనికి మందు కూల్‌డ్రింక్ డబ్బాలో ఉంది. అల్యూమినియం డబ్బా రేకు మందం దాదాపు 0.1 మిల్లీమీటరు. అసలు బండి మీద మూడున్నర. పైనా కిందా కత్తిరించేసి, నిలువుగా చీల్చి, వెనక్కి చుట్టి సాపు చేయాలి. మంట మీద కాసేపు చూపిస్తే రంగు మాడి రేకు మెత్తబడుతుంది. ఈ పని బాల్కనీలో పెట్టుకోండి, ఆ కంపు వంటింట్లోకి వెళ్లిందంటే హాబీకి అదే ఆఖరి రోజు. తర్వాత అట్టముక్క మీద పరిచి, ఇంకు అయిపోయిన బాల్‌పెన్నుతో స్కేలు పక్కన నొక్కుతూ గీస్తే అవతలి వైపు గట్లు లేస్తాయి. అసలు మడ్‌గార్డు మీద ఉన్నవీ అచ్చంగా అవే, ప్రెస్సులో నొక్కిన గట్లు. ప్లాస్టిక్ సిమెంటు లోహానికి పట్టదు, సూపర్ గ్లూ వాడాలి. అంతా అయ్యాక మూలని గోటితో కొంచెం వంచి చూడండి. చెట్టుకో గోడకో గీసుకున్న రేకు ఎలా వంగుతుందో అలాగే వంగుతుంది. ప్లాస్టిక్‌ని ఆకురాయితో ఎంత సేపు అరగదీసినా ఆ వంపు రాదు.

అదే పని ఇత్తడి సెట్టు చేయదా? చేస్తుంది, బాగానే చేస్తుంది, రేకు రేకుగా ఉండాల్సిన చోట. కానీ ఎచింగ్ సెట్టు మొత్తం ఒకే పలకలోంచి పుడుతుంది. హెడ్‌లైట్ చుట్టూ ఉండే కాపు అసలు ట్యాంకు మీద గుండ్రటి చువ్వతో వంచింది. సెట్టులో అది రిబ్బన్‌లా చపటగా వస్తుంది. వెయ్యో రెండు వేలో పోసి కొని, గుండ్రంగా ఉండాల్సినదాన్ని చపటగా అతికించి, "డీటెయిలింగ్ అదిరింది" అని కామెంట్లు. అరే, పాత ఇస్త్రీపెట్టె వైరు ఒలిస్తే సన్నటి రాగి పోగులు వస్తాయి, గిటార్ తీగ ముక్క ఉన్నా సరిపోతుంది. 0.3 మిల్లీమీటర్ల తీగ అంటే అసలు బండి మీద పది మిల్లీమీటర్ల చువ్వ. కాపుకీ పనికొస్తుంది, టరెట్ మీద హ్యాండిళ్లకీ పనికొస్తుంది.

ఇది పిసినారితనం అనుకునేవాళ్లు ఉంటారు. మన దేశంలో ఈ సరదా ఖరీదైనదే, కాదనను. బొమ్మల మీద దిగుమతి సుంకం 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెంచారు, స్కేల్ మోడళ్లు కూడా ఆ బొమ్మల పద్దు కిందికే వస్తాయి. కానీ డబ్బే లెక్కైతే పురికొసతో సహా కొనుక్కోవడమే చవక, మన టైముకి ఖరీదు కట్టుకుంటే.

అసలు విషయం వేరే. రెడీమేడ్ ముక్క కొన్నవాడు అసలు బండిని చూడటం మానేస్తాడు. సెట్టు గీసినవాడు చూశాడులే అని నమ్మేస్తాడు. వాడు తప్పు చేస్తే ప్రపంచం నిండా అదే తప్పు.

ఒక ఉదాహరణ చెప్తాను. నిజాం కొలువులో మూలాలున్న రెజిమెంటు దక్కన్ హార్స్. 1971 పాకిస్తాన్ యుద్ధంలో, జమ్మూ వైపు ఛంబ్ సెక్టార్‌లో వాళ్ల చేతిలో ఉన్నవి టి-55కి ముందు వచ్చిన టి-54లు. మనవాళ్లు చాలామంది టి-55 కిట్టు తెచ్చి, గుర్తులు అంటించి, దక్కన్ హార్స్ అనేస్తారు. టి-54 టరెట్ కప్పు మీద కుడివైపు, లోడర్ (గుండ్లు నింపేవాడు) ఎక్కే మూతకి ముందు, పుట్టగొడుగు లాంటి వెంటిలేటర్ ఉంటుంది. టి-55కి ఉండదు. దూరం నుంచి రెంటినీ విడదీసే గుర్తే అది! ప్లాస్టిక్ షీటు ముక్కని కొవ్వొత్తి మీద వేడి చేసి, గుండ్రటి మొన ఉన్న పుల్లతో అట్టకి చేసిన కన్నంలోకి దింపితే గొడుగు తయారు. చల్లారాక అంచు కత్తిరించుకోవడమే. ఒక సాయంత్రం పని కూడా కాదు.

ఇంతకంటే మజా ఉన్న ముక్క ఒకటుంది. ఆ యుద్ధంలో పాకిస్తాన్ దగ్గర ఉన్న టైప్ 59 చైనావాళ్లు టి-54 నమూనాతో చేసుకున్నదే. దుమ్ములో ఏది ఎవరి ట్యాంకో తెలియదు. అందుకని మనవాళ్లు తమ ఫిరంగి గొట్టాల మధ్యలో ఉత్తుత్తి ఫ్యూమ్ ఎక్స్‌ట్రాక్టర్ తొడిగారు. పేలిన తర్వాత పొగ టరెట్‌లోకి రాకుండా చూసే డ్రమ్ము అన్నమాట, కాకపోతే ఇది ఏ పనీ చేయదు, గుర్తుపట్టడానికి తొడిగిన తొడుగంతే. అంటే సైన్యమే స్క్రాచ్ బిల్డింగ్ (ముక్కలు కొనకుండా సొంతంగా చేసుకోవడం) చేసింది. అలాంటి ముక్కని ఎక్కడో లేత్ మీద తిప్పి, పొట్లం కట్టి పంపితే గానీ మనం పెట్టలేమా? గొట్టానికి కాగితం చుట్టలు చుట్టి, సూపర్ గ్లూ తాగించి, అరగదీసి, రెండు చివర్లా సన్నటి ప్లాస్టిక్ పట్టీ వేస్తే అయిపోయింది.

ఆధారం కోసం కూడళ్లలో, కంటోన్మెంట్ గేట్ల దగ్గర నిలబెట్టిన ట్యాంకుల్ని గుడ్డిగా నమ్మకండి. ఏటేటా పూసిన రంగు కింద వెల్డింగ్ అతుకులు మునిగిపోయి ఉంటాయి, లైట్లు పోయి ఉంటాయి, మూతలు వెల్డ్ చేసేసి ఉంటాయి. యుద్ధకాలం ఫోటోలు మసకగా ఉన్నా వాటి మాటే మేలు.

ఇక రెండో రకం మహానుభావులు. "నూటికి నూరు శాతం స్క్రాచ్, ఒక్క ముక్కా కొనలేదు" అని మీసం మెలేసేవాళ్లు. టి-55 ట్రాక్‌కి (చక్రాల చుట్టూ తిరిగే ఇనుప పట్టా) ఒక్కో వైపు 90 లింకులు. రెండు వైపులా కలిపి 180, అన్నీ ఒకేలా ఉండాలి. వాటిని చేత్తో కోస్తే ఏం తెలుస్తుంది? మొదటి లింకులో తెలిసిందే 180వ లింకులోనూ తెలుస్తుంది. అక్కడ నోరు మూసుకుని ప్రింట్ చేసినవి కొనుక్కోండి, నేనూ అదే చేస్తాను. కొన్నప్పుడు డబ్బాలో లింకుల్ని కలిపే పిన్నులు మిగిలితే మాత్రం పారేయకండి, మందం సరిపోతే హ్యాండిళ్లకి వంచుకోవచ్చు.