లేసు చూపిస్తే కాదు, అల్లడం చూపిస్తే కొన్నారు

చేతిపనులు అమ్ముకునేవాళ్లు ఇన్‌స్టాలో రోజుకో రీల్ పెడితే ఆర్డర్లు వాటంతటవే వస్తాయని ఒకరు పోస్టులో రాశారు. మాది నరసాపురం పక్కన పల్లె. అత్తయ్యా నేనూ లేసు అల్లుతాం. టేబుల్ క్లాత్ ఫొటోలు ఎన్ని పెట్టినా "మిషన్ లేసు ఇంతకన్నా చవక కదండీ" అనేవాళ్లే. ఓ సాయంత్రం అత్తయ్య అరుగు మీద కూర్చుని అల్లుతుంటే, సూది కొక్కెం దారాన్ని పట్టి లాగే తీరు దగ్గరగా తీసి ఇన్‌స్టాలో పెట్టాను. బేరం లేకుండా మూడు ఆర్డర్లు! (తన మొహం పడకూడదని ఆవిడ షరతు, అందుకే చేతులే కనిపిస్తాయి.) 2024లో మన నరసాపురం లేసుకి భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్, అంటే ఇది ఈ ప్రాంతపు సొంత సరుకేనన్న అధికారిక గుర్తింపు) వచ్చింది, ఆ సంగతీ రీల్ కింద రాస్తున్నాను. రోజుకో రీల్ మాత్రం నావల్ల కాదండీ. పెద్ద క్లాత్‌కి వారాలు పడుతుంది. ఎప్పుడూ ఫోనే పట్టుకుంటే అల్లేదెవరు?