తేలిక టైరు, బరువు ధర

రోడ్ సైకిల్‌కు తేలికైన టైర్లు వెతుక్కుంటే బెంగళూరులో ముందు తేలికయ్యేది జేబే. అంచులో ఉక్కు తీగ ఉన్న టైరు చవక. తీగకు బదులు కెవ్లార్ అనే గట్టి కృత్రిమ దారాలు పెట్టిన, మడత పడే రకమైతే టైరుకు 50, 60 గ్రాములు తగ్గుతాయి, ధర మాత్రం కొండెక్కుతుంది. మారతహళ్లి దుకాణంలో అడిగితే, మన హిందూపురం మనిషే, "ఇదే తేలిక అన్నా, కళ్లు మూసుకుని తీసుకోండి" అంటాడు. ఎన్ని గ్రాములు బాబూ అంటే జవాబు లేదు. టైరు పక్కన 700×25సి అని కొలత ఉంది (25 అంటే మిల్లీమీటర్లలో వెడల్పు), బరువు లేదు. కూరగాయల బండి మీద కూడా త్రాసు ఉంటుంది కదా!

పోనీ, అప్పో సప్పో చేసి కొన్నామే అనుకోండి. పలచని టైరంటే రబ్బరూ తక్కువే, రక్షణ పొరా తక్కువే. ఔటర్ రింగ్ రోడ్డు అంచున గాజు పెంకులు, కంకర, తవ్వి పూడ్చని గుంతలు దాని కోసమే కాచుకుని ఉంటాయి. పంక్చర్ల భయానికి, బెంగళూరు దగ్గరి నంది కొండ ఎక్కేటప్పుడు ఆదా అయిన గ్రాములకు రెట్టింపు బరువున్న ట్యూబూ పంపూ మోయాలి. పోనీ కాస్త లావుగా 28 మిల్లీమీటర్ల వెడల్పుది వేసుకుందామంటే మా మిత్రబృందం మొహం చిట్లిస్తుంది, బరువట! దిగి రాగానే టిఫిన్‌కు నాలుగేసి దోసెలు లాగించేది వీళ్లే.