"అప్పుడే ఎందుకు చెప్పలేదు?" అని అడిగేవాళ్లకు

క్రీడల్లో పిల్లలపై వేధింపుల వార్త ఎప్పుడు బయటికొచ్చినా దాని వెనకే ఒక సందేశం వాట్సాప్ గ్రూపుల్లో చక్కర్లు కొడుతుంది. మాటలు అటూ ఇటూ మారతాయి గానీ సారం ఇదే: "కోచ్ గట్టిగా ఉంటేనే ఛాంపియన్లు తయారవుతారు. నిజంగా ఏదైనా జరిగుంటే పిల్లలు అప్పుడే చెప్పేవాళ్లు. ఇన్నేళ్ల తర్వాత నోరు విప్పడం డబ్బు కోసమే. తల్లిదండ్రులు పక్కనుంటే చాలు, ఈ కొత్త రూల్స్ అన్నీ మంచి కోచ్‌లను తరిమేయడానికే. రచ్చ చేస్తే చివరికి పాడయ్యేది ఆ పిల్ల భవిష్యత్తే." దీన్ని షేర్ చేసేవాళ్లలో చాలామంది పిల్లల్ని తెల్లారకముందే గ్రౌండ్‌లో దింపి వచ్చేవాళ్లే, పిల్లల మేలు కోరేవాళ్లే. అందుకే ఒక్కో మాటా తీసి చూడాల్సి వస్తోంది.

"అప్పుడే చెప్పేవాళ్లు" అన్నదానితో మొదలుపెడదాం. చాలామంది అప్పుడే చెప్పారు. వైద్యం పేరుతో అమ్మాయిలను లైంగికంగా వేధించిన అమెరికా జిమ్నాస్టిక్స్ జట్టు డాక్టర్ లారీ నాసర్ సంగతే చూడండి. 1997లోనే తన కోచ్‌కు చెప్పానని బాధితుల్లో ఒకరు తర్వాత బయటపెట్టారు. 2014లో మరొకరు ఫిర్యాదు చేస్తే, అతను పనిచేసే మిషిగన్ స్టేట్ యూనివర్సిటీ విచారించి, అది వైద్యమేనని తేల్చేసింది. 2015లో జాతీయ జిమ్నాస్టిక్స్ సంఘానికి తెలిసింది, అక్కడి నుంచి అమెరికా కేంద్ర దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ దాకా వెళ్లింది. ఎఫ్‌బీఐ ఇండియానాపొలిస్ ఆఫీసు ఆ ఫిర్యాదును పట్టించుకోవాల్సిన తీరులో పట్టించుకోలేదని అమెరికా న్యాయశాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్ 2021లో నివేదిక ఇచ్చారు. ఏడాదికి పైగా సాగిన ఆ జాప్యంలోనే మరో 70 మందికి తక్కువ కాకుండా అతని బారిన పడ్డారని కోర్టు పత్రాల్లోని ఆరోపణ.

మన దేశంలోనూ అంతే. 1990లో హర్యానాలో 14 ఏళ్ల టెన్నిస్ క్రీడాకారిణిని రాష్ట్ర టెన్నిస్ సంఘం అధ్యక్షుడే వేధించాడు. అతను పోలీసు ఉన్నతాధికారి కూడా. ఆ అమ్మాయి దాచుకోలేదు, రోజుల్లోనే ఫిర్యాదు పైఅధికారుల దాకా వెళ్లింది. ఆ తర్వాత ఆమెను బడి నుంచి తీసేశారు. సోదరుడిపై వరసగా దొంగతనం కేసులు పెట్టారు. 1993లో ఆమె ఆత్మహత్య చేసుకుంది. కోర్టు అతన్ని దోషిగా తేల్చింది 2009లో, అంటే పందొమ్మిదేళ్లకు. ఆ పందొమ్మిదేళ్ల ఆలస్యంలో ఆ అమ్మాయి వాటా ఎంత?

ఇక చెప్పలేకపోయినవాళ్లు. జట్టులో ఎవరుండాలో, ఎవరు ఇంటికి పోవాలో నిర్ణయించేది ఒకే మనిషి అయినప్పుడు, అతని మీద ఫిర్యాదు చేయడమంటే ఆట మానేసినట్టే అని పదేళ్ల పిల్లకు కూడా తెలుసు. పైగా జరిగినదానికి "వైద్యం", "స్ట్రెచింగ్", "స్పెషల్ కోచింగ్" అని పేరు పెట్టి ఉంటారు. అది తప్పని గుర్తుపట్టడానికే ఏళ్లు పడుతుంది. వీటన్నిటికంటే పెద్ద కారణం ఒకటుంది. నొప్పి అని చెబితే తిట్టే చోట పిల్లలు దేన్నీ చెప్పకపోవడం నేర్చుకుంటారు. చీలమండ వాచిందంటే "నాటకాలు ఆపు" అనిపించుకున్న పిల్ల, అంతకంటే చెప్పుకోలేని విషయాన్ని అదే మనిషికి, అదే ఆఫీసుకు వచ్చి ఎలా చెబుతుంది? నోరు మూయించే శిక్షణ మనమే ఇచ్చి, తీరా నోరెందుకు విప్పలేదని నిలదీస్తున్నాం.

"గట్టి కోచ్" వాదన ఇక్కడే బోర్లా పడుతుంది. అమెరికా జాతీయ జట్టు శిబిరాల్లో కోచ్‌లంటే హడల్, తిండి మీద విపరీతమైన ఆంక్షలు. అక్కడ నవ్వుతూ పలకరించి, దొంగచాటుగా తినడానికి ఏదో ఒకటి చేతిలో పెట్టే పెద్దమనిషి ఒక్క నాసరే అని చాలామంది జిమ్నాస్టులు చెప్పారు. కఠినత్వం పిల్లల్ని కాపాడకపోగా, అతనికి దారి వేసిపెట్టింది. బ్రిటన్ జిమ్నాస్టిక్స్‌పై యాన్ వైట్ అనే న్యాయవాది 2022లో ఇచ్చిన నివేదిక చూసినా ఇదే కనిపిస్తుంది. 400కి పైగా వాంగ్మూలాలు అందితే, శారీరక హింస జరిగిందని చెప్పినవి 40 శాతం పైనే. తిండి, నీళ్లు ఇవ్వకపోవడం, టాయిలెట్‌కు పోనివ్వకపోవడం, గాయంతోనే సాధన చేయించడం. వందసార్లు చేయించడం, బాగా ఆడకపోతే జట్టులోంచి తీసేయడం కఠినత్వం. దాహమేస్తే నీళ్లివ్వకపోవడానికి ఆ పేరు చెల్లదు. ఇవి లేకుండా పతకాలు రావంటారా? తనూ నాసర్ బాధితురాలినేనని 2018లో చెప్పిన అమెరికా జిమ్నాస్ట్ సిమోన్ బైల్స్, టోక్యో ఒలింపిక్స్‌లో మనసు బాగోలేక ఫైనల్స్ నుంచి తప్పుకున్నప్పుడు ఇదే బాపతు జనం పిరికిదన్నారు. 2024 పారిస్‌లో 27 ఏళ్ల వయసులో మూడు స్వర్ణాలు తెచ్చింది.

డబ్బు మాటకు ఎక్కువ చెప్పక్కర్లేదు. నాసర్ కేసులో పేరు దాచుకోకుండా ముందుకొచ్చిన మొదటి మహిళ రేచెల్ డెన్‌హాలండర్, 2016లో పోలీసుల దగ్గరికి వెళ్లేటప్పుడు పాత వైద్య రికార్డులూ తన డైరీలూ ఫైలు కట్టుకుని వెళ్లింది. ఆమె ముందు అడిగింది కేసు. యూనివర్సిటీ 50 కోట్ల డాలర్లకు ఒప్పుకున్నది 2018లో, నాసర్‌కు శిక్ష పడ్డాక. ఆ డబ్బు కట్టాల్సి వచ్చింది కూడా విన్నప్పుడు కదలనందుకే.

"తల్లిదండ్రులు పక్కనుంటే చాలు" అన్నదానికి జవాబు కూడా డెన్‌హాలండర్ అనుభవంలోనే ఉంది. పదిహేనేళ్ల వయసులో ఆమెను నాసర్ వేధించినప్పుడు తల్లి అదే గదిలో ఉంది. తల్లికి కనిపించకుండా అతను అడ్డంగా నిలబడేవాడు. ఇంతకంటే తల్లిదండ్రులు ఎలా పక్కనుంటారో నాకైతే తెలియదు.

సందేశంలో లేకపోయినా కామెంట్లలో తప్పక వచ్చే మాట ఇంకోటి: "ఆయన ఎంత మంచి కోచో నాకు తెలుసు." కెనడాలో జూనియర్ ఐస్ హాకీ కోచ్ గ్రాహం జేమ్స్‌ను 1989లో ఒక హాకీ పత్రిక ఆ ఏటి మేటి మనిషిగా ఎంచింది. 1997లో అతను తన ఆటగాళ్లపై లైంగిక దాడుల కేసులో జైలుకెళ్లాడు. బయటపెట్టింది షెల్డన్ కెనెడీ, అప్పటికే అక్కడి పెద్ద ప్రొఫెషనల్ ఐస్ హాకీ లీగ్ ఎన్‌హెచ్ఎల్‌లో ఆడుతున్న మగవాడు. ఇంగ్లండ్‌లో 2016లో ఆండీ వుడ్‌వర్డ్ అనే మాజీ ఫుట్‌బాలర్ తన చిన్ననాటి కోచ్ బారీ బెనెల్ గురించి మాట్లాడాక, ఒకరి వెనక ఒకరు నడివయసు మగవాళ్లు ముందుకొచ్చారు. "అబ్బాయిలకేం భయం" అనేవాళ్లు ఇది చదవాలి. కోచ్ మంచిపేరు అతనికి అడ్డంకి కాదు, తాళంచెవి. ఆ పేరుతోనే తల్లిదండ్రులు పిల్లల్ని అతని వెంట ఊళ్లకు పంపుతారు.

మరి రూల్స్ మంచి కోచ్‌లను తరిమేస్తాయా? అసలు ఆ రూల్స్ ఏమిటో చూడండి. అమెరికాలో 2018లో వచ్చిన చట్టం తర్వాత క్రీడల్లో వేధింపులను అరికట్టే అక్కడి సేఫ్‌స్పోర్ట్ సెంటర్ పెట్టిన నియమాల్లో ముఖ్యమైనది ఇది: పెద్దవాళ్లు మైనర్‌తో ఒంటరిగా ఉండాల్సి వస్తే, ఇంకొకరికి కనిపించేలా, కావాలంటే వచ్చి ఆపగలిగేలా ఉండాలి. మెసేజ్ పెడితే అందులో తల్లిదండ్రులో మరో పెద్దవాళ్లో ఉండాలి. మసాజ్ చేసేటప్పుడు గదిలో ఇంకొక పెద్దమనిషి ఉండాలి. టోర్నమెంట్‌కు వెళ్లినప్పుడు హోటల్ గది పంచుకోకూడదు. ఇందులో షాట్ నేర్పడానికి అడ్డొచ్చేది ఏముంది? తప్పుడు ఆరోపణ వస్తుందని టెన్షన్ పడే కోచ్‌కు కూడా తలుపు తెరిచి ఉంచడమే మంచి సాక్ష్యం. రాత్రి పదకొండుకు పన్నెండేళ్ల పిల్లకు విడిగా మెసేజ్ పెట్టకుండా కోచింగ్ ఇవ్వలేనంటే, అలాంటి కోచ్ మానేసినా ఆటకు వచ్చే నష్టం లేదు.

చివరిది, అన్నిటికంటే ప్రేమగా వినిపించేది: పిల్ల భవిష్యత్తు పాడవుతుంది. పాడు చేసేది బయటపెట్టడం కాదు, బయటపెట్టాక చుట్టూ ఉన్నవాళ్లు చేసే పనులు. "ఎవరితోనూ అనకు" అంటారు. "నువ్వేం చేశావ్?" అంటారు. కోచ్‌ను పిలిచి ఎదురుగా కూర్చోబెట్టి మళ్లీ చెప్పమంటారు. ఆట మాన్పించేస్తారు. ఆఖరిది మంచికేనని చేస్తారు గానీ, ఆ పిల్లకు అది శిక్షలాగే తగులుతుంది.

పిల్లలు చెప్పినప్పుడు చేయాల్సింది చాలావరకు వినడమే. నమ్ముతున్నానని, తప్పు నీది కాదని చెప్పాలి. గుచ్చి గుచ్చి అడగకుండా, పిల్ల వాడిన మాటల్నే తేదీతో రాసి పెట్టుకోవాలి. ఎవరికీ చెప్పనని మాటివ్వకూడదు, ఎందుకంటే చెప్పాల్సి ఉంటుంది. భారత్‌లో 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం విషయం తెలిసీ పోలీసులకు చెప్పకపోవడమే నేరం, సంస్థ నడిపేవాళ్లకు జైలు కూడా పడొచ్చు. "మా క్లబ్‌లోనే మాట్లాడుకుని సర్దుకుంటాం" అనే మాటకు అక్కడ చోటు లేదు. ఎవరికి చెప్పాలో తోచకపోతే పిల్లల హెల్ప్‌లైన్ 1098 ఉంది. కౌన్సెలింగ్ కేసు తేలేదాకా ఆగక్కర్లేదు, ఆ వారమే మొదలవ్వాలి. నెలల తర్వాత పిల్లకు కోపం రావొచ్చు, నిద్ర పట్టకపోవచ్చు, ఆట మీద విసుగు పుట్టొచ్చు. వాటిని చూసి "అయిపోయింది కదా, ఇంకా ఏంటి" అనకూడదు. ఆడాలా మానాలా అనేది ఆ పిల్ల ఇష్టం. విచారణ నడిచినన్నాళ్లు గ్రౌండ్‌కు దూరంగా ఉండాల్సింది ఆరోపణ ఎదుర్కొంటున్న పెద్దమనిషి. పిల్ల ప్రాక్టీస్ వేళ మారకూడదు.